పంటి కింద మట్టి

ఆడమనిషి పడవెక్కితే వల ఖాళీగా వస్తుందని ఆ పేటలో నమ్మకం.

అందుకే జ్యోతిర్మయి మేడం పడవలో కాలు పెట్టగానే నూకాలు మొహం ముడుచుకున్నాడు. పడవ బావ కోటిది కాబట్టి నోరు మూసుకున్నాడు. అదీ కాసేపే.

"అందరూ సేపలకెల్తారు. ఈవిడేటి బావా, బురదకొచ్చింది?"

ఆమె విని నవ్వింది. దువ్వాడలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెబుతుందట. తాడు కట్టిన ఇనప డబ్బాను నీళ్ళలోకి దింపి, అడుగు మట్టి లాగి సీసాల్లో నింపుతోంది. కొండల మీంచి వాన తెచ్చేది, ఓడల్లోంచి రాలేది, అంతా అడుగున పొరలు పొరలుగా పేరుకుంటుందని, ఏ చోటి మట్టి ఆ చోటిదేనని కోటికి చెప్పింది.

కోటి అర్థమైనట్టు తలూపాడు. అర్థం కాలేదు.

అంతలో మంచు దిగింది. మాఘమాసపు మంచు. గాలి పడిపోయింది, కెరటం లేదు. కొండ పోయింది, లైట్‌హౌసు పోయింది, ఆఖరికి పడవ ముక్కు కూడా కనబడడం మానేసింది. దారి చూపే జీపీఎస్ చూద్దామంటే అది ఎప్పుడు తడిసిందో, వెలగడం లేదు.

ఎక్కడో ఓడ కూత పెట్టింది. ఏ వైపునుంచో తెలియలేదు.

హార్బరులోకి పోయే ఓడల దారిలో చిన్న పడవ ఉంటే, గుద్దిన సంగతి కూడా ఓడవాళ్ళకు తెలియదు. కోటి పడవ ఆపేసి, కూత ఏ వైపుదోనని చెవులు రిక్కించాడు.

జ్యోతిర్మయి డబ్బా దింపింది. నల్లమట్టి వచ్చింది. వేళ్ళతో నలిపి, చిటికెడు ముందరి పళ్ళ మధ్య పెట్టి నొక్కి చూసి, ఎడమ పక్కకు ఉమ్మేసింది.

"బొగ్గుపొడి, ఇనప రజను. ఓడల దారిలోనే ఉన్నాం అన్నా. ఆగకు, పోనియ్."

కోటి తోచిన వైపు పోనిచ్చాడు. మళ్ళీ డబ్బా. మట్టి ఇంకా నల్లగా వచ్చింది. ఆమె పడవ వెనక్కి తిప్పించింది. ఈసారి కూత దగ్గర్లో వినిపించింది. నూకాలు అమ్మోరిని తలుచుకుంటూ కళ్ళు మూసుకున్నాడు.

చాలాసేపటికి డబ్బాలో ఇసుక వచ్చింది. ఎర్ర రేణువులు కలిసిన ఇసుక. అదీ పంటి కింద పెట్టుకుంది.

"కొండ ఇసకన్నా. వానకి గెడ్డలు పొంగి మనూరి ముందు తెచ్చి పోసిందే. ఓడల్దారి దాటేసినాం, ఇంకేటీ బయం లేదు."

మేడం మాట పేట యాసలోకి మారిందని ఆ సంతోషంలో ఎవరూ గమనించలేదు. వాళ్ళ వెనకాల గోడలాంటిదేదో మంచులో కదిలిపోయింది. పడవ గట్టిగా ఊగి, నిలదొక్కుకుంది.

మంచు విడేసరికి ఎదురుగా రేవు. ప్రాణం లేచొచ్చింది. నూకాలు ఏడుస్తూనే నవ్వాడు.

ఒడ్డున కోటి తల్లి పోతమ్మ కొడుకును ఒళ్ళంతా తడిమి చూసుకుంది. జ్యోతిర్మయి సీసాల సంచీ భుజానికి తగిలించుకుని, పడవ అంచును ఒకసారి నిమిరి, ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

ప్రాణాలు దక్కినా ఆచారం ఆచారమే. నూకాలు ఆమె కూర్చున్న చోట చల్లడానికి చెంబులో పసుపు నీళ్ళు తెచ్చాడు. మట్టి కొరికిన సంగతంతా నవ్వుతూ అత్తకు చెప్పాడు.

పోతమ్మ నవ్వలేదు.

"పంటి కింద పెట్టి ఎడం పక్కకి ఉమ్మిందా?"

"అవునత్తా. ఏటి?"

పోతమ్మ అతని చేతిలో చెంబు లాక్కుని పసుపు నీళ్ళు ఇసుకలో ఒంపేసింది.

"మట్టి కొరికి దారి సెప్పేవోడు ఈ రేవులో ఒక్కడే ఉండీవోడు, పడవ నడిపే తండేలు చినపోలయ్య" అంది. "కూతుర్ని పడవెక్కిత్తన్నాడని మనోల్లు ఆ ఇంటినంతా ఇక్కడ్నించి ఎల్లగొట్టేసినారు, ఆ కూతురేరా ఇయ్యాల మిమ్మల్ని ఒడ్డుకి తెచ్చింది."