ఆది జాకెట్టు

"రూప మేడం గౌను తీస్కపోనీకి వచ్చిన," అంది గుమ్మంలో నిలబడ్డ మనిషి.

నాగరాణి మిషను ఆపి తలెత్తింది. కళ్లకు కాటుక, గోళ్లకు రంగు, గీసిన గడ్డం తాలూకు పచ్చదనం. పేరు నిహారిక అట.

కొల్లాపూర్ అంతా రెడీమేడ్ బట్టలకు ఎగబడుతుంటే, నాగరాణి షాపును నాలుగేళ్లుగా నిలబెట్టింది ఈ రూప మేడమే. హైదరాబాదు నుంచి బస్సు పార్సిల్లో గుడ్డ, గీసిన బొమ్మ, కొలతకు ఆది జాకెట్టు వచ్చేవి. మనిషిని ఏనాడూ చూడలేదు. ఆది ఉన్నాక మనిషితో పనేముంది? వెడల్పు భుజాలు చూసి, పొడుగు మనిషి కాబోలు అనుకునేది. ఎక్కడో డాన్సు టీచరై ఉంటుందని మురిసిపోయి, అడగకుండానే తన దగ్గరున్న లేసు కూడా వేసి పంపేది.

మాటల్లో అసలు సంగతి బయటపడింది. రూప క్లబ్బులో ఆడవేషం కట్టి ఆడే మగవాడట. అక్కడ అలాంటివాళ్లంతా నచ్చిన బట్ట కట్టుకుని తలెత్తుకుని తిరుగుతారట. మొన్న బయటికి వస్తుంటే నలుగురు పట్టుకుని చితకబాదారు. ఇప్పుడు దవాఖానలో పడి, ఈ గౌను ఒక్కసారి ఒంటి మీద వేయమని అడుగుతోందట.

నాగరాణికి ఒళ్లు మండిపోయింది.

"నేను కుట్ట. తీస్కపో."

"సగం అయిపాయె గదమ్మా. జర పొద్దుమీకిందాక కూసుంట."

"నా జాకెట్టు తొడుక్కున్నడని కన్నకొడుకునే ఎల్లగొట్టిన. ఎవనికోసమో కుడతనా?"

నిహారిక ఏదో చెప్పబోయి ఆగిపోయింది. నాగరాణి కుట్లన్నీ విప్పి, ముక్కలు సంచిలో కుక్కి చేతిలో పెట్టింది.

తొమ్మిదో రోజున నిహారిక మళ్లీ వచ్చింది. ఈసారి కాటుక లేదు.

"రూప పోయిందమ్మా. బతికున్నన్ని దినాలు నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నది," అంటూ ఫోను ముందు పెట్టింది.

రంగు దీపాల మధ్య, తను ఇంతకుముందు కుట్టి పంపిన ఎర్ర గౌనులో ఎవరో నడుస్తున్నారు. జనం ఒకటే ఈలలు.

ఎంతైనా దర్జీ కన్ను, నాగరాణి ముందు కుట్టే చూసింది. నడుము దగ్గర ఒక్క ముడత లేదు. ఎంత బాగా కుదిరిందో అని, అంత కోపంలోనూ కాస్త గర్వపడింది.

తర్వాత మొహం చూసింది.

ఆ రంగుల కింద, జనానికి చేతులు జోడించి నవ్వుతున్నవాడు ఆమె కొడుకు అమరేందర్.