మెడపట్టీ పలికిన పేరు

కుక్కల మెడపట్టీలకు మాటలొచ్చాక, దురద ఎందుకో తెలియక తల పట్టుకునే పని తప్పింది. ఎదురింటి కుక్కకు కోడిగుడ్డు పడదట. మా కుక్క బూచికి నా భార్య వకుళ ఒంటి మీంచి రాలే చర్మపు పొట్టు పడదు.

వకుళ సంవత్సరీకం కూడా అయిపోయింది. చీరలు పంచేశాం, పరుపు మార్చాం, గోడలకు సున్నం వేయించాం. అయినా రోజూ పొద్దున్నే వంటింటి గడప దగ్గర బూచి నెత్తురొచ్చేలా గోక్కుంటుంది. పట్టీ పలుకుతుంది: "వకుళ. ఇప్పుడే రాలిన పొట్టు."

"దురద రాకుండా ఇంజెక్షన్ చేయించేద్దాం నాన్నా. దాని చెవులు పుండ్లయిపోయాయి," అంది మా అమ్మాయి.

చేయించాను.

ఈ ఉదయం బూచి గడప దగ్గర హాయిగా నిద్రపోతోంది. పట్టీ పలకలేదు. అలవాటుగా రెండు గ్లాసుల్లో కాఫీ పోశాను.

"ఇక నువ్వొచ్చినా నాకు తెలీదే, వకుళా," అన్నాను.