గొంతు లేని సీడీ

"బొమ్మ వస్తోంది. మా నాన్న గొంతేదీ?" అంటూ ఊర్మిళ సీడీని కౌంటరు మీద పడేసింది.

ఫోన్లో తీసిన వీడియోలను ఇంటి ప్లేయర్లో ఆడేలా సీడీలుగా మార్చి ఇచ్చే షాపు అది, రాయపూర్‌లో గుఢియారీ బజారు మొదట్లోనే ఉంది. ఊర్మిళ తండ్రి గురునాథం రైల్వేలో ఉద్యోగం చేస్తూనే పోయాడు. పోయే ముందు ఆసుపత్రి మంచం మీద ఆయన మాట్లాడిన నాలుగు మాటలను అన్న పృథ్వీ ఫోన్లో పట్టాడు. ఆ ఫైలు ఇంట్లో ప్లేయరుకు ఎక్కదని సీడీ చేయించారు. తీరా టీవీలో పెడితే నాన్న పెదాలు కదులుతున్నాయి గానీ మాట లేదు.

"అడిగినట్టే చేసిచ్చాను బహన్‌జీ," అన్నాడు షాపతను హిందీలో. "బొమ్మ చాలు, సౌండు తీసేయమన్నారు మీవాళ్ళు."

ఎవరన్నారని ఊర్మిళ అడగలేదు. అన్న కాక ఇంకెవరు? నాన్న ఉద్యోగం ఇద్దరు పిల్లల్లో ఒకరికే వస్తుంది. ఎవరికో చెప్పాల్సింది అమ్మ. కాగితాలు రేపటిలోగా ఆఫీసులో ఇవ్వాలి. "మీ నాన్న నీ పేరే చెప్పాడమ్మా, నా చెవులతో విన్నాను," అని ఆసుపత్రిలో పక్క మంచం మీదున్న అచ్చయ్య ఒట్టేసి మరీ చెప్పాడు. పృథ్వీని అడిగితే ఏదో నొప్పుల గురించి అన్నాడని దాటేశాడు. ఫోను చూపించమంటే అమ్మేశానన్నాడు.

"అసలు ఫైలు ఉందా భయ్యా?"

షాపతను కంప్యూటర్లో వెతికాడు. ఉంది. నొక్కగానే నెల రోజుల తర్వాత నాన్న మాట్లాడాడు.

"ఒరే పృథ్వీ, నా నౌకరీ సెల్లికే రావాల. ఆర్నెల్లు నా గుడ్డలుతికింది అదేరా. నీ సేతికొస్తే తాగీసి పోగొడతావు. మీ అమ్మకి ఇలాగని సెప్పు."

ఊర్మిళ అక్కడే ఏడ్చేసింది. తెలుగు ముక్క రాని షాపతను ఏమీ అడగకుండా, ఈసారి గొంతుతో సహా సీడీ చేసి చేతిలో పెట్టాడు.

ఇంటికి వచ్చేసరికి తల్లి బంగారమ్మ ఒళ్ళో కాగితం పెట్టుకుని కూర్చుంది. గుమ్మం దగ్గర పృథ్వీ నిలబడ్డాడు.

"యాడికెల్లిపోయావే? నౌకరీ అన్నకిత్తే నీకేటీ అభ్యంతరం లేదని ఈ కాయితం మీద దస్తకత్ ఎట్టీ. పొద్దున్నే దఫ్తర్‌కి ఎల్లాల," అంది బంగారమ్మ.

"సంతకం పెడతానమ్మా. ముందు నాన్న గొంతు విను."

వారం రోజులుగా వచ్చినవాళ్ళందరి దగ్గరా, ఆయన మాట ఒక్కసారి వినాలని ఉందని కళ్ళనీళ్ళు పెట్టుకున్న మనిషి బంగారమ్మ. ఇప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రహనే దే ఊర్మిళా, వద్దు," అన్నాడు పృథ్వీ.

"ఎందుకన్నయ్యా అంత భయం?"

అతను తల వంచుకున్నాడు. ఆ తల చూస్తుంటే ఊర్మిళకు అసహ్యం వేసింది. సొంత తండ్రి నోరు నొక్కినవాడు. సీడీని ప్లేయర్లోకి తోసింది. టీవీలో గురునాథం ఒకసారి దగ్గాడు.

"ఒరే పృథ్వీ, నా నౌకరీ..."

అక్కడితో గొంతు ఆగిపోయింది. పెదాలు మాత్రం కదులుతున్నాయి. మళ్ళీ పాడైందేమోనని ఊర్మిళ ప్లేయరు వైపు వంగి, ఎందుకో వెనక్కి చూసింది. రిమోట్ తల్లి చేతిలో ఉంది.

"నువ్వు రేపు ఇంకో ఇంటికెల్లీదానివి. నాను ఉండాల్సింది ఆడి దగ్గిరే," అంటూ బంగారమ్మ కాగితాన్నీ పెన్నునూ ముందుకు తోసింది. "ఆడినలా సూడకే. ఆ సౌండు తీయించింది నానే."