శనివారం జవాబు

"సార్, బాయిలకు లాంతరు దించితే ఎందుకు ఆరిపోతది?"

ఎనిమిదో తరగతి గుమ్మంలో నిలబడి రొప్పుతూ అడిగింది రోజీ. అరగంట ఆలస్యంగా వచ్చి, లోపలికి రావచ్చా అని కూడా అనకుండా ప్రశ్న విసిరిన పిల్లను చూసి సైన్సు మాస్టారు జనార్ధన్‌కు ఒళ్ళు మండింది. శామీర్‌పేట చుట్టుపక్కల ఏ బడిలోనూ లేని ప్రశ్నల డబ్బా పెట్టిన మనిషాయన. ఉల్లిగడ్డ కోస్తే కన్నీళ్ళెందుకొస్తాయో తెలియాలన్నా సరే, చీటీ రాసి డబ్బాలో వేయాలి. జవాబు శనివారం ఆఖరి పీరియడ్‌లోనే.

"ఇయ్యాల ఏం వారం?"

"గురువారం సార్. మా నాయిన బాయి పూడిక తియ్యనీకి పోయిండు. లాంతరు ఎన్నిసార్లు దించినా ఆరిపోతాంది. దయ్యం ఊదుతాందంటున్నరు. జల్దీ పోయి సారునడుగు, నువ్వొచ్చేదాంక దిగనన్నడు."

"దయ్యమా!" జనార్ధన్ పగలబడి నవ్వాడు. క్లాసంతా నవ్వింది. "చీటీ రాసి డబ్బల వెయ్యి."

"గప్పటిదాంక ఆగరు సార్. ఆ బాయి కాడ..."

"ఎదురు జెప్తవా? బెంచీ ఎక్కు!"

రోజీ ఏడుస్తూ బెంచీ ఎక్కింది. పాపం, కిటికీలోంచి దారివైపే చూస్తోంది.

జవాబు జనార్ధన్ నాలుక చివరే ఉంది. పాడుబడ్డ బావి అడుగున చెడుగాలి పేరుకుంటుంది. దీపం ఆరినచోట మనిషీ బతకడు. రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. కానీ ఇవాళ దీనికి చెబితే రేపు ప్రతివాడూ నెత్తికెక్కుతాడు. దీని తండ్రి మోషే ఎలాగూ దిగనన్నాడు కదా, తొందరేముంది? శనివారం కొవ్వొత్తి తెచ్చి, గాజు సీసాలో ఆర్పి చూపిస్తే పిల్లలు నోళ్ళు వెళ్ళబెడతారు. ఆ ఊహకే ఆయనకు హుషారొచ్చింది.

పీరియడ్ గంట కొట్టేసరికి గుమ్మంలో మోషే నిలబడి ఉన్నాడు. ఒంటి మీద తడి లేదు, మట్టి లేదు.

"నాయినా!" రోజీ బెంచీ మీంచి దూకి అతన్ని చుట్టేసుకుంది. "దిగలేదా నాయినా?"

"జూసినవా, మీ నాయినకేమైంది? గుండ్రాయి లెక్కున్నడు," అన్నాడు జనార్ధన్ వెటకారంగా. "రెండు దినాలు ఆగితే నీ సొమ్మేం పోయింది?"

మోషే తలెత్తలేదు. కూతుర్ని మెల్లగా పక్కకు జరిపాడు.

"నేను దిగలే సార్. అది మీ మామిడితోట బాయే. 'సైన్సు సారు కొడుకుని, నాకు దయ్యం భయమా' అనుకుంట మీ ప్రణయే దిగిండు."