తాళంచెవి ఫోటో

“ఆ ఫోటో తీసేయించు టైటస్,” అన్నాడు పెంచల్, కొత్త యూనిఫాం చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

కార్ల షోరూం గోడ మీద ఫోటో అది. కోట ఊళ్ళో తనకు రొయ్యల గుంటలున్న రోజుల్లో, కొన్న కారు ముందు పెద్ద అట్ట తాళంచెవి పట్టుకుని పెంచల్ నవ్వుతున్నాడు. ఆ కారు అమ్మింది టైటసే. తర్వాత రొయ్యలకు వైరస్ సోకింది. గుంటలూ పోయాయి, కారూ పోయింది. టెస్ట్ డ్రైవ్ కార్లకు డ్రైవరు కావాలని కబురు పెట్టిందీ టైటసే.

“మేనేజర్ని అడిగినా అన్నా. ఆ ఫోటో చూసే రైతులు నమ్ముతా ఉండారు, తీసేదే లేదన్నాడు.”

పెంచల్ టోపీ కిందికి లాక్కున్నాడు.

ఇంతలో విడవలూరు నుంచి ఓ రొయ్యల రైతు, భార్యతో వచ్చాడు. టైటస్ వాళ్ళని టెస్ట్ డ్రైవ్‌కి ఎక్కించి, వెనక సీట్లో ఆమె పక్కన కూర్చున్నాడు. ముందు సీట్లో కూర్చున్న రైతు, కారు నడుపుతున్న పెంచల్‌ని తేరిపార చూశాడు.

“గోడ మీద ఫోటోలో ఉండేది నువ్వే గదన్నా?”



“కాదన్నా. మా అన్న,” అన్నాడు పెంచల్.

“కారు ఎట్టుందంట ఆయనకి?”

“బ్రహ్మాండంగా ఉందంట. దిగబుద్ధి కావడం లేదంటాడు.”

రైతు వెనక్కి తిరిగి భార్యకేసి చూసి, ఇదే తీసుకుందామన్నట్టు తలూపాడు. ఆమె ముఖం వెలిగిపోయింది.

“మా ఫోటో గూడా అట్టా గోడకి పెడతారా?” అని టైటస్‌ని అడిగింది.

టైటస్ కిటికీలోంచి బయటికి చూశాడు.

“పెడతారమ్మా,” అన్నాడు పెంచల్, గేరు మారుస్తూ.