స్టార్ట్ కాని లారీ

"వదినా, ఈ రేటు మళ్ళా రాదు. కొత్త బండ్లు షోరూముల్లో దిగినాయంటే నీ లారీని పాతసామాన్లోళ్ళు గూడా అడగరు" అన్నాడు బసవరాజు.

మునిలక్ష్మి రేకుల షెడ్డు కింద నిలబడి ఉన్న లారీ వైపు చూసింది.

బ్రోకరు మాటే అయినా అందులో అబద్ధం లేదు. కొత్త లారీ బుక్ చేస్తే ఎప్పుడు చేతికొస్తుందో ఎవరూ చెప్పలేకపోతున్నారు. దాంతో బెంగళూరంతా పాత బండ్ల మీద పడింది. నిన్నటిదాకా ఎవరూ మొహం చూడని డొక్కు బండ్లు కూడా ఇవాళ బెట్టు చేస్తున్నాయి. ఆమె మొగుడు వెంకటరాయప్ప లారీ డొక్కు కూడా కాదు. కాటన్‌పేటలో బట్టల బేళ్ళు ఎత్తుకుని హోసూరు, సేలం తిరిగిన బండి. కట్టుకున్న పెళ్ళాం కంటే దాన్నే ఎక్కువ చూసుకుంటాడని మునిలక్ష్మి దెప్పేది కూడా. టీకి దిగినా ఇంజను ఆపి, తాళం తీసుకునే దిగేవాడు.

ఆయన పోయి మూడు నెలలు. అత్తిబెలె దగ్గర రోడ్డు పక్కన తల పగిలి పడి ఉన్నాడు. లారీ ఆనేకల్ అవతల నీలగిరి తోపులో దొరికింది, ఒక్క బేలు కూడా లేకుండా. ఎవరో దారిదోపిడీగాళ్ళ పని అన్నారు పోలీసులు. వాళ్ళు ఎంత తిప్పినా లారీ స్టార్ట్ కాలేదు. చివరికి ఇంకో బండికి కట్టి లాక్కొచ్చి అప్పజెప్పారు.

విచిత్రమేమిటంటే, మునిలక్ష్మికి మాత్రం అది పలికేది. శుక్రవారం పొద్దున క్యాబిన్ ఎక్కి, తలుపు వేసుకుని, అద్దం దగ్గరున్న మునీశ్వరుడి పటానికి పూలు పెట్టేది. కాసేపటికి ఇంజను గుర్రుమనేది. ఇంకెవరు తాళం తిప్పినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

వీధిలో మాట పుట్టింది. "రాయప్ప ఇంకా ఆ సీట్లోనే కూర్చోనుండాడు. పెండ్లాన్ని తప్ప ఇంకొకర్ని ముట్టనియ్యడు" అని ఎదురింటి హనుమక్క అందరికీ చెప్పింది. పొద్దు వాలితే ఆమె ఆ షెడ్డు ముందు నడవడమే మానేసింది.

మునిలక్ష్మి ఆ మాటను కాదనలేదు. బండి అమ్మకానికి పెట్టానని మాత్రం లారీలవాళ్ళందరికీ కబురు పంపింది. రాయప్పతో కలిసి తిరిగిన డ్రైవర్లు, బేళ్ళు దించే హమాలీలు, బ్రోకర్లు, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. వచ్చినవాళ్ళ చేతికి తాళం ఇచ్చి, తను కిందే నిలబడేది.

"మీరే స్టార్ట్ చేసి చూసుకోండప్పా" అనేది.

వాళ్ళు తిప్పేవాళ్ళు. మళ్ళీ తిప్పేవాళ్ళు. చెమటలు తుడుచుకుంటూ దిగి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేవాళ్ళు. మెకానిక్కును తెస్తామంటే ఆమె ఒప్పుకునేది కాదు. ఆయన బండి వైర్ల మీద ఎవరూ చెయ్యి వేయకూడదని పట్టుబట్టేది. ఆమెకు అమ్మే మనసే లేదని అందరూ తేల్చేశారు.

ఆమెకేమో రోజురోజుకూ భయం పెరిగిపోతోంది. రేట్లు పడిపోతే ఇక బండి చూడడానికి ఎవరూ రారు. ఎవరూ రాకపోతే? ఆ పైన ఆలోచించడానికి ధైర్యం చాలేది కాదు.

ఇవాళ బసవరాజు పిలుచుకొచ్చిన మనిషి గోపాలప్ప. హొసకోటె దగ్గర ఇటుకబట్టీ ఉంది. బండి చుట్టూ తిరిగాడు, టైర్లు తట్టాడు, బసవరాజు చెప్పిన రేటుకు బేరం కూడా ఆడకుండా తల ఊపాడు. మునిలక్ష్మి ఇచ్చిన తాళం తీసుకుని ఎక్కాడు. తిప్పాడు. మళ్ళీ తిప్పాడు.

"ఇదేం బండి తల్లీ, పీనిగ మాదిరి ఉండాది! నాకొద్దు" అంటూ దిగి, తాళం ఆమె చేతిలో పెట్టి వీధిలోకి నడిచాడు.

బసవరాజు ముఖం పాలిపోయింది. రాయప్పను అన్నా అన్నా అంటూ వెంట తిరిగినవాడు. దినాలకు ముందుండి అన్నీ తానై జరిపించినవాడు. ఇంతమందిని తీసుకొచ్చినా, తాను మాత్రం ఒక్కసారీ లారీ ఎక్కలేదు. ఎక్కమంటే కళ్ళు తుడుచుకునేవాడు. "అన్న ఉన్నప్పుడే నన్ను ఆ సీటు ముట్టనియ్యలేదు వదినా. ఇప్పుడెట్ల కూర్చునేది?" అనేవాడు.

కానీ ఇంత కమీషన్ కళ్ళముందే నడిచి వెళ్ళిపోతుంటే ఏ బ్రోకరుకు కాళ్ళు ఆగుతాయి?

"గోపాలప్పన్నా, ఒక్క నిమిషం ఉండన్నా!" అని కేక పెట్టి, మునిలక్ష్మి చేతిలోంచి తాళం లాక్కుని ఒక్క గెంతులో క్యాబిన్ ఎక్కాడు.

ఆమె కింద నుంచి చూస్తూనే ఉంది. అతని ఎడమ చెయ్యి మునీశ్వరుడి పటం వెనక్కి పోయి వచ్చింది. కుడి చెయ్యి తాళం తిప్పింది.

ఇంజను గుర్రుమంది. రేకులు అదిరాయి. షెడ్డు దూలం మీది పావురాలు ఒక్కసారిగా లేచిపోయాయి.

"చూడన్నా, రాజా మాదిరి ఉండాది బండి!" అన్నాడు బసవరాజు కిటికీలోంచి.

వీధిలో గోపాలప్ప ఆగిపోయాడు. నవ్వు ముఖంతో అడ్వాన్సు కోసం జేబులో చెయ్యి పెట్టాడు.

మునిలక్ష్మి షెడ్డు బయటికి వచ్చింది. గేటు లాగి మూసి, గొళ్ళెం పెట్టి తాళం వేసింది. గోపాలప్ప వైపు తిరిగింది. 

"అన్నా, ఈయప్ప బండి స్టార్ట్ చేసింది నీ కండ్లతో చూసినావు కదా? ఎవరడిగినా చెప్తావు కదా?"

"చూసినా తల్లీ, చెప్తా. ఎందుకు?"

గేటు వెనక ఇంజను ఇంకా గుర్రుమంటూనే ఉంది.

దొంగల భయంతో వెంకటరాయప్ప ఆ పటం వెనక బిగించుకున్న స్విచ్చు, నొక్కందే ఇంజను పలకని ఆ స్విచ్చు సంగతి ముగ్గురికే తెలుసు: ఆయనకు, ఆయన భార్యకు, ఆ రాత్రి అత్తిబెలె దగ్గర ఆయన్ను చంపి లారీ తోలుకుపోయినవాడికి.