లారీకి అడ్డంగా పడుకున్నవాడు

సాయంత్రం వేళ భవనం ముందు, పిల్లలు ఊగే ఉయ్యాల పక్కన, మంచులో సగం దిగబడి, పేలని క్షిపణి ఒకటి కనిపించింది.

మొదట చూసింది మోత్రియా. అద్దాలు పగిలి మీద పడకుండా కిటికీలకు టేపు అంటిస్తోంది. ఆ టేపు చుట్ట చేతిలో ఉండగానే మెట్లు దిగి పరుగెత్తింది.

అప్పటికే ఓ ముసలాయన అక్కడ మోకాళ్ల మీద కూర్చుని క్షిపణిని చేత్తో నిమురుతున్నాడు. ఇల్లు కూలిపోయి, ఆ మధ్యాహ్నమే వీళ్ల నేలమాళిగకు చేరిన మనిషి. పేరెవరూ అడగలేదు. వచ్చినప్పటి నుంచీ ఆయన నోట బాంబు గోలే. అందుకని 'బాంబు తాత' అనేశారు.

“తాతా! చావాలనుందా?”

“ఇది పేలదమ్మా. క్షిపణుల్ని కూల్చే మనవాళ్లని ఏమార్చడానికి ఉత్తి డొల్ల వదిలారు.”

“నీకెలా తెలుసు?”

“ఇది మనదే. ఒకప్పుడు దీని పొట్టలో అణుబాంబు ఉండేది. అప్పుడు ఉక్రెయిన్ వైపు ఎవడైనా కన్నెత్తి చూశాడా? కాపాడతామన్న పెద్ద దేశాల సంతకాలు నమ్మి బాంబులు రష్యాకిచ్చేశాం. తర్వాత వీటినీ ఇచ్చాం. ఇప్పుడు మన మీదికే వదిలారు.”

“బాంబు ఉంటే ముందే మనల్ని బూడిద చేసేవాళ్లు!”

“ఇప్పుడు చేస్తున్నదేమిటి తల్లీ? పెద్ద దేశం సైన్యంతో బతుకుతుంది. మనలాంటి వాళ్లకి ఆ ఒక్క భయమే కంచె. ఆ కంచె మనమే పీకి ఇచ్చాం.”

మోత్రియాకు ఒళ్లు మండింది. ఆమె కొడుకు యుద్ధంలో, కందకాల్లో ఉన్నాడు.

జనం పోగయ్యారు. వాళ్లను తోసుకుంటూ యుఖీమ్ వచ్చాడు. రిటైరైన కర్నల్. ఆ ఐదంతస్తులకూ పెద్దదిక్కు. క్షిపణులు అప్పగించిన రోజున, అవి కదలకుండా లారీకి అడ్డంగా పడుకున్న మొనగాడు. ఆ సంగతి ఆయన నోటే అందరూ విన్నారు.

ముసలాయన తలెత్తాడు.

“యుఖీమ్...”

కర్నల్ ముఖం పాలిపోయింది. అంతలోనే ఎర్రబడింది.

“నా పేరు కూడా కనుక్కుని వచ్చాడు! క్షిపణికి దారి చూపింది వీడే. గూఢచారి!”

అంతే. దొరికినవాణ్ణి దీపస్తంభానికి టేపుతో చుట్టేయడం యుద్ధం మొదలయ్యాక వీధివీధికీ అలవాటైంది. ఇద్దరు పట్టుకున్నారు. మోత్రియా చుట్టింది.

“పాపం, కోటు లేదే” అన్నారెవరో.

“బాంబు కప్పుకుంటాడులే!”

అందరూ నవ్వారు. మోత్రియా కూడా.

“యుఖీమ్, నువ్వైనా చెప్పరా...”

“నోటికీ వెయ్యి మోత్రియా. అరిచి ఇంకోదాన్ని పిలుస్తాడు.”

వేసింది. గట్టిగా, రెండు పొరలు.

సైరన్ మోగింది. ఫోన్ చేస్తే పోలీసులు తెల్లారాకే వస్తామన్నారు. అందరూ నేలమాళిగలోకి దిగారు.

“చలి చంపేస్తోంది కర్నల్ గారూ. వాడికో దుప్పటి కప్పి రానా?” అంది మోత్రియా.

“సైరన్ ఆగనీ.”

ఆగలేదు.

తెల్లవారాక బాంబుల్ని నిర్వీర్యం చేసే దళం వచ్చి క్షిపణి ముక్కు విప్పింది. లోపల ఇనుప దిమ్మ తప్ప మరేమీ లేదు.

“డొల్ల. ఒకప్పుడు మనవాళ్లు అప్పగించిన వాటిలోదే” అన్నాడు దళం నాయకుడు.

మోత్రియా స్తంభం దగ్గరికి పరుగెత్తింది. ముసలాయన నోటి మీది టేపు లాగేసింది. పెదవులు కదల్లేదు. కనురెప్పల మీద మంచు పేరుకుంది.

“ఈయన చెప్పింది నిజమే! కర్నల్ గారూ, ఎవరీయన? మీ పేరు ఈయనకెలా తెలుసు?”

యుఖీమ్ టోపీ తీశాడు.

“సవేలీ. నా కింద కెప్టెన్. లారీకి అడ్డంగా పడుకున్నది వీడు. కాళ్లు పట్టి పక్కకి ఈడ్పించి, లారీ కదిలించింది నేను. పిచ్చివాడని ముద్ర వేసి కొలువు ఊడబీకిందీ నేనే. నోటికి టేపు వెయ్యమన్నది అందుకే, మోత్రియా.”